గుర్రం ఊపిరి కాపాడుకుందాం

(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక మీద పిల్లల చదువులను గురించి, స్కాలర్‌షిప్పులను గురించి, ఆడపిల్లల పెళ్ళిళ్ళకు చేసే సహాయాన్ని గురించి మాట్లాడుకుంటాము. ఈసారి గుర్రం దగ్గును గురించి మాట్లాడతాము అనగానే వెనక వరసలో కొందరు నవ్వారు. నవ్వితే నవ్వారు గాని, మన సంఘంలో గుర్రాన్ని నమ్ముకుని పొయ్యి వెలిగించుకునే ఇళ్ళు ఇంకా వున్నాయి. జట్కాల కాలం వెళ్ళిపోయిన మాట నిజమే. ఆటోలు వచ్చి రైలుస్టేషను ముందున్న జట్కా స్టాండులను ఖాళీ చేసేశాయి. అయితే ఆ జట్కావాళ్ళ మనుమలే కొందరు ఇప్పుడు పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు కడుతున్నారు. కొందరు రేసుగుర్రాల దగ్గర సయీసులుగా వున్నారు. ఇద్దరు ముగ్గురు నాడాలు కొట్టే పని వదలకుండా పట్టుకుని వున్నారు. ఇటువంటి ఇంట్లో గుర్రం మూలపడిందంటే ఆ నెల సంపాదన ఆగిపోయినట్టే. అప్పు తెచ్చి కొన్న గుర్రమైతే సంపాదన ఆగుతుంది గాని వడ్డీ ఆగదు.

మాలో ఒకరు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసి రిటైరైనవారు, తక్కిన ఇద్దరం లాయం పక్కనే పుట్టి పెరిగినవాళ్ళం. ఈ సంవత్సరం మన సభ్యుల లాయాలకు వెళ్ళి చూశాము. గిట్టల సంగతి, కడుపునొప్పి సంగతి మనవాళ్ళకు చెప్పవలసిన అవసరం లేదు; డాక్టరు కంటె ముందే కనిపెట్టేవాళ్ళు వున్నారు. కాని ఊపిరి విషయంలో మాత్రం ఒక చిత్రమైన పరిస్థితి చూశాము. గుర్రాన్ని ప్రాణంగా చూసుకునే ఇళ్ళలోనే గుర్రం ఎక్కువ దగ్గుతోంది. చలి తగలకూడదని గోనెలు కట్టేదీ వాళ్ళే, దోమ కుట్టకూడదని పొగ పెట్టేదీ వాళ్ళే. ప్రేమతో చేసే పనులే దాని రొమ్ముకు పట్టుకుంటున్నాయి. ఈ మాట ఎవరినీ నిందించడానికి చెప్పడం లేదు. ఈ అలవాట్లు మన తాతలనాటివి. అప్పటి లాయం మూడువైపులా తెరిచి వుండేది, ఇప్పటి లాయం రేకుల గది. తేడా అక్కడ వచ్చింది.

ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. మనిషికి ముక్కు దిబ్బడ వేస్తే నోటితో గాలి పీల్చుకుంటాడు. కుక్క నోరు తెరిచి వగరుస్తుంది. గుర్రానికి ఆ వీలు లేదు. దాని గొంతు నిర్మాణమే అటువంటిది, గాలి అంతా ముక్కు గుండానే వెళ్ళాలి. ముక్కుదారిలో గాని, ఊపిరి గొట్టాల్లో గాని అడ్డం వచ్చిందంటే దానికి రెండో దారి లేదు. పైగా గుర్రం దౌడు తీసేటప్పుడు అడుగుకూ ఊపిరికీ లంకె వుంటుంది. ఒక అంగకు ఒక ఊపిరి, అంతే. ఎక్కువసార్లు పీల్చుకుందామంటే కుదరదు. మనిషి ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి ఐదారు లీటర్ల గాలి పీలుస్తాడు. పెద్ద రేసుగుర్రం ఊరికే నిలబడి వున్నప్పుడే అరవై లీటర్ల దాకా పీలుస్తుంది, పూర్తి దౌడులో వెయ్యి లీటర్లు దాటిపోతుంది. మన పెళ్ళిగుర్రాలు అంత పెద్దవి కావు, అంత పరుగూ లేదు. అయినా లాయంలో వున్న దుమ్మును మనకంటె ఎన్నో రెట్లు లోపలికి తీసుకునేది గుర్రమే అని తెలుస్తోంది కదా.

ఇక ఆ దుమ్ము ఎక్కడిది? వీధిలోంచి వచ్చేది కొంత. అసలుది మనం మేతగా పెట్టే ఎండుగడ్డిలోనే వుంది. వరిగడ్డి గాని, జొన్నచొప్ప గాని, కోసిన తరువాత బాగా ఆరకుండా వామి వేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. తుపాను వానలకు తడిసిన గడ్డి చౌకగా వస్తుంది, దాన్ని కొని ఎండబెట్టి పెడతారు. ఎండిన తరువాత చూడ్డానికి బాగానే వుంటుంది. కాని కట్ట విప్పి దులపండి, సన్నని పొగలాగా లేస్తుంది. అందులో బూజు విత్తులు కోట్ల కొద్దీ వుంటాయి. కంటికి కనిపించే దుమ్ము ముక్కులోనే ఆగిపోతుంది, దానివల్ల పెద్ద చెరుపు లేదు. మిల్లీమీటరులో 200వ వంతు కంటె చిన్న నలుసులు మాత్రం ఊపిరితిత్తుల చివరిదాకా పోతాయి. చెరుపు చేసేవి అవే. మొత్తం గది శుభ్రంగా కనిపిస్తున్నా, గుర్రం గడ్డికట్టలో ముక్కు దూర్చి తింటున్నప్పుడు దాని ముక్కు దగ్గర వుండే దుమ్ము వేరే లెక్క. మనం గది మధ్యలో నిలబడి "ఏమీ లేదే" అంటే ఏం లాభం?

ఈ దుమ్మును ఏళ్ళ తరబడి పీల్చిన గుర్రానికి ఉబ్బసం వస్తుంది. ఇంగ్లీషు డాక్టర్లు దీనికి ఒకదాని తరువాత ఒకటిగా చాలా పేర్లు పెట్టారు. 2016 నుంచి ఎక్కువమంది గుర్రపు ఆస్తమా అనే అంటున్నారు. మనుషులకు వచ్చే ఉబ్బసం లాంటిదే. ఊపిరి గొట్టాలు వాచి, బిగుసుకుని, చిక్కని చీమిడి పేరుకుంటుంది. మొదట్లో పొద్దున్నే గడ్డి వేసినప్పుడు రెండు దగ్గులు, జీను వేసి బయలుదేరినప్పుడు రెండు దగ్గులు. "అది దాని అలవాటు సాబ్" అని మాకు చాలామంది చెప్పారు. అలవాటు కాదు. గుర్రం మనలాగా ప్రతి చిన్నదానికీ దగ్గే జంతువు కాదు. అది దగ్గిందంటే లోపల వ్యవహారం చాలాదూరం వెళ్ళిందని అర్థం. అక్కడ పట్టించుకోకపోతే, ఏడెనిమిది సంవత్సరాల వయసు దాటిన తరువాత, నిలబడిన చోటనే ముక్కుపుటాలు విప్పార్చి పొట్టతో గాలి నెట్టే స్థితి వస్తుంది. నెలల తరబడి అలా నెట్టి నెట్టి డొక్కలో కండ పెరిగి, పక్కటెముకల వెంట ఒక గీత పడుతుంది. ఆ గీత పడిన గుర్రాన్ని మనవాళ్ళు తక్కువ ధరకు పైఊరివాడికి అమ్మేస్తారు. కొన్నవాడికి దాని సంగతి నాలుగు రోజుల్లో తెలుస్తుంది. గుర్రం సంగతి ఎవరికి పట్టింది?

ఈ జబ్బు పురుగువల్ల వచ్చేది కాదు. కాబట్టి పెన్సిలిన్ సూదులు ఎన్ని వేయించినా పోదు. డాక్టరు ఇచ్చే మందులతో గొట్టాల వాపు తగ్గుతుంది, గాలి ఆడుతుంది. కాని దుమ్ము అలాగే వుంచి మందు పొయ్యడం కారే కుండలో నీళ్ళు పొయ్యడమే. దుమ్ము తగ్గించిన లాయంలో గుర్రం కొన్ని వారాల్లో తేరుకుంటుంది. మందులు లేకుండానే తేరుకున్నవి కూడా వున్నాయి.

దుమ్ము తగ్గించడానికి పెద్ద ఖర్చు లేదు. గడ్డిని తడపాలి. చల్లడం కాదు, ముంచాలి. ఒక తొట్టిలో గాని, సగానికి కోసిన డ్రమ్ములో గాని మంచినీళ్ళు పోసి గడ్డికట్టను పది నిమిషాల నుంచి అరగంట దాకా ముంచి, తీసి, నీరు ఓడ్చి వెంటనే పెట్టాలి. తడిసిన నలుసు లేవదు, గుర్రం దాన్ని మింగేస్తుంది, రొమ్ములోకి పోదు. ఇక్కడ ఒక హెచ్చరిక వుంది. మన వేసవిలో తడిగడ్డి గంటల్లోనే పులుస్తుంది. రాత్రి నానబెట్టి పొద్దున పెట్టకూడదు. తినగా మిగిలింది తీసి పారెయ్యాలి. నానబెట్టిన నీళ్ళు టీ రంగులో వస్తాయి, వాటిని రెండోసారి వాడకూడదు, గుర్రానికి తాగించకూడదు. ఇక బూజు వాసన వేసే గడ్డి వుందంటే దాన్ని తడిపినా లాభం లేదు, ఎంత చౌకగా వచ్చినా లాయం దగ్గరికి తేవద్దు. పచ్చగడ్డి దొరికే రోజుల్లో, కాలువగట్టు గరిక దొరికే చోట, ఈ గొడవే లేదు.

గడ్డి ఎక్కడ దాస్తామన్నది కూడా చూడాలి. స్థలం లేక చాలామంది గుర్రం నెత్తిమీదనే అటక కట్టి గడ్డి పెడుతున్నారు. కట్ట లాగినప్పుడల్లా బూజు అంతా కిందికి రాలుతుంది. వేరే చోటు లేదంటారు. నిజమే, ఇరుకు ఇళ్ళు. కనీసం గుర్రాన్ని బయట కట్టేసి అప్పుడు కట్ట దించండి. ఊడ్చేటప్పుడు కూడా అంతే. గుర్రం లోపల వుండగా చీపురు పట్టవద్దు. నీళ్ళు చల్లి, గుర్రాన్ని బయటికి తీసి, ఊడ్చి, దుమ్ము అణగిన తరువాత మళ్ళీ లోపలికి తేవాలి.

మేత పెట్టే ఎత్తు ఇంకొక ముఖ్యమైన విషయం. గడ్డి తొక్కి పాడుచేస్తుందని గోడకు ఎత్తున వల కట్టి అందులో గడ్డి పెడుతున్నారు. దేవుడు ఈ జంతువును నేలమీద మేసేటట్టు పుట్టించాడు. తల కిందికి వంచి గంటల తరబడి మేస్తూ వుంటే గొట్టాల్లోని చీమిడి, దాంతోపాటు దుమ్మూ పురుగులూ, పల్లానికి జారి ముక్కు గుండా బయటపడతాయి. తల పైకెత్తి తింటే ఆ దారి మూతబడుతుంది, పైనుంచి నలుసులు కంట్లోనూ ముక్కులోనూ పడతాయి. నేలమీద గడ్డి వెయ్యండి, లేదా మోకాలి ఎత్తు మించని తొట్టి కట్టండి. ఉలవల గుగ్గిళ్ళు పెట్టే తోబ్రాను కూడా తిన్న వెంటనే విప్పి ఉతికి ఆరెయ్యాలి. ముక్కుకు కట్టిన సంచిలో ఎండు తవుడు పోస్తే గుర్రం ఏం పీలుస్తుందో వేరే చెప్పనక్కర లేదు.

ఇప్పుడు గాలి సంగతి. లాయంలోకి వెళ్ళగానే కళ్ళు మండాయంటే అది మూత్రంలోంచి పుట్టే అమ్మోనియా. నిలబడి వాసన చూస్తే చాలదు, కింద కూర్చుని చూడండి. గుర్రం పడుకున్నప్పుడు దాని ముక్కు అక్కడే వుంటుంది. ఆ ఆవిరి ఊపిరి గొట్టాల లోపలి సన్నని నూగును చెడగొడుతుంది. చీమిడిని పైకి నెట్టే పని ఆ నూగుదే. తడిసిన పరుపుగడ్డిని రోజూ తియ్యాలి. పైన పొడిగడ్డి పరిచి కింద కుళ్ళు దాచడం మోసం, అది మనల్ని మనం మోసం చేసుకోవడం. నేలకు కాస్త వాలు పెట్టి మూత్రం బయటికి పోయే కాలువ తియ్యాలి. ఊక పరిచేవాళ్ళు దుమ్ము లేవకుండా పలచగా నీళ్ళు చల్లాలి.

గోడకూ పైకప్పుకూ మధ్య జానెడు సందు వుంచండి. ఎదురెదురు గోడల్లో కిటికీలు తెరవండి. వేడిగాలి పైనుంచి పోతుంది, చల్లగాలి కిందనుంచి వస్తుంది. మన ప్రాంతపు చలికాలం గుర్రానికి ఒక లెక్కలోది కాదు. దానికి ఒంటినిండా వెంట్రుకల దుప్పటి వుంది. ఒళ్ళు పొడిగా వుంటే చల్లగాలి దాన్ని ఏమీ చెయ్యదు. గోనెలు కట్టి బిగించిన గదిలోని ఉక్కే దాన్ని చంపుతుంది.

పొగ మాట ఎత్తితే మాతో చాలామంది వాదానికి దిగారు. సాయంకాలం వేపాకు, పిడకలు వేసి పొగ పెట్టకపోతే దోమలు, ఈగలు గుర్రాన్ని నిలవనివ్వవంటారు. వాళ్ళ బాధ నిజమే. కాని మూసిన గదిలో గంటసేపు పొగ పెడితే ఆ రొమ్ము ఏమవుతుంది? ఒక ఇంటి ఇల్లాలు మాతో అన్న మాట ఇది: "మా ఆయన దగ్గూ గుర్రం దగ్గూ ఒకేసారి మొదలవుతాయి, నాకు ఏది ఎవరిదో తెలియదు." ఆమె నవ్వుతూనే అన్నారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ లాయం పక్క గదిలోనే చిన్నపిల్లలు పడుకుంటున్నారు. ఆ దుమ్ము, ఆ అమ్మోనియా, ఆ పొగ మనిషి ఊపిరితిత్తులను కూడా వదిలిపెట్టవు. రోజూ పేడ ఎత్తి గడ్డి దులిపే కుర్రవాడికి వచ్చే ఆయాసానికి ఒక్కొక్కప్పుడు మూలం ఇదే. పొగకు బదులు ఒక ఫ్యాను పెట్టండి. గాలి విసురుకు దోమ నిలవలేదు. కిటికీలకు దోమతెర కట్టండి. పేడకుప్పను, నిలవనీటిని లాయానికి దూరంగా వుంచితే సగం దోమలు, ఈగలు అక్కడే తగ్గుతాయి. గుర్రం దగ్గు మానితే ఇంట్లో పిల్లల దగ్గు కూడా మానవచ్చు. అందుకే ఈ సభకు ఆడవాళ్ళను ప్రత్యేకంగా పిలిచాము.

దుమ్ము వల్ల వచ్చే దగ్గు ఒక గుర్రంతో ఆగుతుంది. అంటుదగ్గు అలా ఆగదు. గుర్రాలకు ఇన్‌ఫ్లుయెంజా వుంది, మనుషులకు వచ్చే ఫ్లూ లాంటిదే. 1872వ సంవత్సరం చివర కెనడాలో టొరాంటో ప్రాంతంలో మొదలై కొద్ది నెలల్లో అమెరికా అంతటా వ్యాపించింది. చచ్చిన గుర్రాలు తక్కువే. కాని అన్నీ ఒకేసారి మంచం పట్టాయి. ట్రాము బళ్ళు ఆగిపోయాయి, సరుకు రేవుల్లోనే పడి వుంది, మనుషులే బళ్ళు లాగారు. ఆ నవంబరు 9న బోస్టను నగరంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఫైరింజన్లు లాగవలసిన గుర్రాలు జబ్బుతో వుంటే మనుషులు తాళ్ళు పట్టి లాక్కుపోవలసి వచ్చింది. గుర్రం దగ్గు అంటే నవ్విన సోదరులు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

అది పాతకథ అనుకోవద్దు. మనదేశంలో 1987లో ఈ ఫ్లూ వచ్చింది. మళ్ళీ 2008 జూన్‌లో జమ్మూ దగ్గర కాత్రాలో, యాత్రికులను కొండ ఎక్కించే గుర్రాలు, కంచరగాడిదల్లో బయటపడి అనేక రాష్ట్రాలకు పాకింది. అంతకుముందు సంవత్సరం ఆస్ట్రేలియాలో, అంతవరకు ఆ జబ్బు ఎరగని దేశంలో, దిగుమతి గుర్రాలతో వచ్చి పందేలను ఆపించింది. ఆ గుర్రాలను విడిగా క్వారంటైనులోనే వుంచారు. అయినా బయటపడింది. విచారణ జరిపినవారు, బహుశా మనుషుల ఒంటిమీదుగానో సామాను మీదుగానో పొక్కి వుంటుందని తేల్చారు. ఒక గుర్రాన్ని మాలిష్ చేసిన చేతులతోనే రెండోదాన్ని ముట్టుకునే మనకు ఇందులో నేర్చుకోవలసింది వుంది. పెళ్ళిళ్ళ సీజనులో నాలుగు లాయాల గుర్రాలు ఒకే షామియానా కింద నిలబడి ఒకే బక్కెట్లో తాగుతాయి. మీ బక్కెట్టు, మీ కళ్ళెం, మీ తోబ్రా మీరు పట్టుకుపోండి. కొత్తగా కొన్న గుర్రాన్ని మూడు వారాలు విడిగా కట్టండి. జ్వరం వచ్చి తగ్గిన గుర్రానికి డాక్టర్లు చెప్పే లెక్క ఏమిటంటే, జ్వరం వున్న ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క వారం విశ్రాంతి, ఎలా చూసినా మూడు వారాలకు తక్కువ కాకుండా. పెళ్ళివారి దగ్గర అడ్వాన్సు తీసుకున్నామని నాలుగో రోజున తోలితే ఆ రొమ్ము మళ్ళీ మామూలు కాదు. ఇటువంటి ఇబ్బంది వచ్చినప్పుడు మన సభ్యులలోనే ఇంకొకరు తమ గుర్రాన్ని పంపి, కిరాయిలో కొంత ఆ ఇంటికే వదిలే పద్ధతి పెట్టుకుందామని కార్యవర్గానికి సూచించాము. ఫ్లూకు టీకా వుంది, డాక్టరుగారిని అడగండి.

ముక్కునుంచి చిక్కని చీము, రక్తపు చారలు, ముక్కులోపల పుండ్లు, కాళ్ళమీద గడ్డలు కనిపిస్తే అది గ్లాండర్స్ కావచ్చు. ఈ జబ్బు మనిషికి అంటుతుంది, ప్రాణం తీస్తుంది. దాచవద్దు. చట్టప్రకారం వెంటనే పశువైద్యాధికారికి తెలపాలి. రక్తం నమూనాను హర్యానాలోని హిస్సారులో వున్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపించి పరీక్ష చేయిస్తారు. గుర్రం పోతుందనే భయంతో దాచిపెట్టినవాడు ఇంటిల్లిపాదినీ పణం పెట్టినట్టే.

ఇక ప్రయాణాలు. పూర్వం మన దండులకు, గుర్రపుబళ్ళకు వేలర్ గుర్రాలు ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో మద్రాసు రేవుకు వచ్చేవి. వారాల తరబడి సముద్రం మీద ఇరుకులో నిలబడి వచ్చే గుర్రాలకు రొమ్ముజబ్బు తగులుతుందని ఆనాటి వాళ్ళకే తెలుసు. "షిప్పింగ్ ఫీవర్" అన్న పేరు అలా ప్రయాణాల వల్లే వచ్చింది. ఎందుకు వస్తుందో ఆ ఆస్ట్రేలియా డాక్టర్లే 1990 దశకంలో పరీక్షలు చేసి చూపించారు. ప్రయాణం లేకుండానే, లారీ ఎక్కించకుండానే, ఆరోగ్యంగా వున్న గుర్రాలను తల పైకి వుండేటట్టు కట్టి నిలబెట్టారు. ఒక రోజు గడిచేసరికి ఊపిరిగొట్టంలో పురుగులు విపరీతంగా పెరిగాయి, చీము చేరింది. ముందుగా పెన్సిలిన్ ఇచ్చినా అది పెరగకుండా ఆగలేదు. తల దించుకోనిచ్చిన గుర్రాల్లో అవి కడుక్కుపోయాయి. అంటే రోడ్డు కుదుపు, ఎండ, అలసట ఇవన్నీ తరువాతి మాట. మొదటి దోషం పొట్టిగా కట్టిన తాడుది.

ఇప్పుడు మన చిన్న లారీలు చూడండి. గుర్రం కదలకూడదని మెడను ముందు కడ్డీకి బిగించి కడతాము. మూతి ముందు ఎండుగడ్డి కట్ట వేలాడదీస్తాము. దాని దుమ్ము గాలికి నేరుగా ముక్కులో కొడుతుంది. పైన టార్పాలిను, పక్కన సైలెన్సరు పొగ. హైదరాబాదు నుంచి ఇంకో జిల్లాకు రాత్రంతా ప్రయాణం, తెల్లవారి ఊరేగింపు, బాణసంచా పొగ, మళ్ళీ అదే లారీలో తిరుగు ప్రయాణం. ఆ గుర్రానికి మూడోరోజున జ్వరం వస్తే "దిష్టి తగిలింది" అంటున్నాము.

నాలుగు గంటలకు ఒకసారి లారీ ఆపండి. ఇంజను ఆర్పండి. తాడు విప్పి, తల నేలదాకా వంచనివ్వండి. ఆ స్థితిలోనే నీళ్ళు, తడిపిన గడ్డి పెట్టండి. అరగంట పడుతుంది. మీరు టీ తాగేలోపల అయిపోతుంది. కట్టే తాడు తల కొంచెమైనా దించుకునేంత పొడుగు వుండాలి, కాలు మెలిక పడేంత పొడుగు కాకూడదు. డ్రైవరు తొందర పడతాడు. కిరాయి మాట్లాడుకునేటప్పుడే ఈ ఆగుళ్ళ సంగతి ఒప్పించుకోవాలి. పన్నెండు గంటలు మించిన ప్రయాణమైతే మధ్యలో ఒక రాత్రి దించి మకాం చెయ్యడమే మేలు. వేసవిలో పగలు వద్దు. టార్పాలిను పైకప్పు మట్టుకే వుంచి పక్కలు విప్పండి. 1978 నాటి పశు రవాణా నిబంధనల ప్రకారం ప్రయాణానికి తగివుందని డాక్టరు సర్టిఫికెట్టు వుండాలి, ఒక లారీలో నాలుగు నుంచి ఆరు గుర్రాలకు మించరాదు. సర్టిఫికెట్టు పోలీసులకు చూపించే కాగితం అనుకోవద్దు, దగ్గుతున్న గుర్రాన్ని ఎక్కించకుండా ఆపేది అదే. చేరిన తరువాత విప్పి వదలండి, కాసేపు మెయ్యనివ్వండి. పొడుగు ప్రయాణం చేసిన మర్నాడే పని వద్దు.

నాటుమందు పోసే పద్ధతిని గురించి ఒక్కమాట. దగ్గు వచ్చిందని తల పైకి లాగి కట్టి వెదురు గొట్టంతో కషాయం పోస్తారు. ఆ స్థితిలో అది మింగలేదు. కషాయం సగం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దగ్గుకు పోసిన మందే న్యుమోనియా తెచ్చిపెడుతుంది. కషాయంలో ఏముందని మేము అడగడం లేదు. గొట్టం మాత్రం పారెయ్యండి. ఇవ్వవలసిన మందేదైనా వుంటే తడి దాణాలో కలిపి పెట్టండి, లేదా డాక్టరుగారి చేత ఇప్పించండి.

చివరగా, రోజూ చూడవలసినవి. పొద్దున్నే, గడ్డి వెయ్యకముందు, గుర్రం నెమ్మదిగా నిలబడి వున్నప్పుడు డొక్క కదలికలు నిమిషంపాటు లెక్కపెట్టండి. 8 నుంచి 16 వరకు వుంటే మామూలు. మండుటెండల్లో కొంత పెరుగుతుంది, కాబట్టి మీ గుర్రం మామూలు లెక్క ఎంతో చల్లని పూట చూసి గోడమీద రాసిపెట్టుకోండి. బడికి వెళ్ళే పిల్లలకు ఈ పని అప్పజెప్పితే సరదాగా చేస్తారు. ముక్కునుంచి కారేది నీళ్ళలా వుందా, పసుపు పచ్చగా వుందా, ఒక ముక్కునుంచా రెండింటినుంచా అన్నది చూడండి. డాక్టరుగారు మొదట అడిగేవి ఇవే. పరుగు తరువాత ముక్కులో రక్తం కనిపిస్తే కడిగేసి ఊరుకోవద్దు, అది లోపలనుంచి వచ్చిన రక్తం. ప్రయాణం నుంచి వచ్చిన తరువాత మూడు రోజులు పొద్దున, సాయంత్రం జ్వరం చూడాలి. 99.5 నుంచి 101.5 డిగ్రీల ఫారన్‌హీటు దాకా మామూలు. దాటితే ఆ పూటే డాక్టరుకు చెప్పాలి. మర్నాటిదాకా ఆగవద్దు, రొమ్ములో నీరు చేరిన తరువాత ఎంత ఖర్చు పెట్టినా దక్కని గుర్రాలు వుంటాయి.

సంఘం ఆఫీసులో రెండు థర్మామీటర్లు వుంచాము. ఎవరైనా వచ్చి పుస్తకంలో సంతకం పెట్టి తీసుకుపోవచ్చు, డబ్బేమీ లేదు. అది తోక కింద పెట్టేది కాబట్టి ఒక చివర గట్టి దారం కట్టి, ఆ దారానికి బట్టల క్లిప్పు తగిలించాము. క్లిప్పును తోక వెంట్రుకలకు పట్టించిన తరువాతే చెయ్యి వదలండి.